ఛార్జి పెట్టిన సెల్లు

చెప్పు సూర్యం, నిన్న పొద్దున్న నువ్వేటి చూశావు?

ఎలా పరిగెత్తావో, ఎలా లాగావో అది వద్దు. అది నిన్నటి నుంచి రైల్వే కాలనీ అంతా చెబుతోంది. నా పెళ్లాన్ని ఇంజను ముందు నుంచి లాగిన మనిషివి, వయసులో పెద్దవాణ్ణయినా నీ కాళ్లకి దండం పెట్టాలి. ఆ మాట తర్వాత. నాకు కావలసింది ఒక్కటే. కనకం పడిపోయినప్పుడు ఆమె చెవి మిషను కంకరలో పడింది. నువ్వే ఏరి తెచ్చి నా చేతిలో పెట్టావు. ఆ మిషను డబ్బీ నెత్తిన చిన్న స్విచ్చి ఉంటుంది. నువ్వు ఏరినప్పుడు అది పైకి ఉందా, కిందికి ఉందా?

చూడలేదా.

చూడకపోవడమేటి? అర మైలు నుంచి సిగ్నలు చెయ్యి లేచిందో వాలిందో చెప్పే గేట్‌మన్‌వి. చేతిలో ఉన్న స్విచ్చి చూడలేదంటే నేను నమ్మాలా?

సరే, సరే. కోపం నీమీద కాదు. మనిషి నెత్తురోడుతూ పడి ఉంటే స్విచ్చి ఎవడు చూస్తాడు? నాకిచ్చినప్పుడు కిందికే ఉంది. అంటే ఆఫ్. కానీ నువ్వు దాన్ని దులిపావు, జేబులో వేసుకున్నావు, అందులో ఎటైనా తిరిగి ఉండొచ్చు. నిజమే.

పోనీ ఇది చెప్పు. పట్టాల మధ్య ఆగిపోయింది అన్నావు కదా. ఆగి ఏటి చేసింది? వెనక్కి చూసిందా?

గుండె దగ్గర చెయ్యి పెట్టుకుందా. మిషను ఉండేది అక్కడే. జాకెట్టుకి పిన్నుతో తగిలించుకుంటుంది. అంటే చెయ్యి మిషను మీదికి వెళ్లింది. తీయడానికా, చూసుకోవడానికా?

నీకెలా తెలుస్తుందిలే.

ఇప్పుడెలా ఉందంటావా? బాగానే ఉంది. చెయ్యి విరిగింది, నుదుట కుట్లు పడ్డాయి. ప్రాణానికి భయం లేదన్నాడు రైల్వే ఆస్పత్రి డాక్టరు. మాట్లాడటమే లేదు. నేను మంచం పక్కన కూచుంటే మొహం గోడ వైపు తిప్పుకుంది. మిషను చూపించి చెవికి పెట్టనా అని సైగ చేశాను. మంచి చేత్తో వద్దంది. అలా ఎంతసేపు కూచుంటాను? ఇలా నడుచుకుంటూ నీ దగ్గరికి వచ్చాను.

టీ వద్దు. కూచో. నీ గేటు ఫోను మోగితే నేను మాట ఆపేస్తాను, నువ్వు నీ ఫాటక్ గేటు చూసుకో.

నీకు సెల్లుల సంగతి తెలీదు. అది తెలిస్తే గానీ నేను స్విచ్చి కోసం ఎందుకిలా ప్రాణం తీస్తున్నానో అర్థం కాదు.

కనకానికి చెవుడు పుట్టుకతో వచ్చింది కాదు. జ్వరంలో వచ్చింది. జ్వరం దిగింది, దాంతోపాటే చెవులూ పోయాయి. అప్పుడు నేను గూడ్సు గార్డుని. ఇంటికొస్తే నిద్ర, లేస్తే డ్యూటీ. సైగలు నేర్చుకున్నాం. చెయ్యి నోటి దగ్గర పెడితే అన్నం, మెడ దగ్గర పెడితే నీళ్లు. ఆ మాత్రం చాలు అనుకున్నాం. అనుకున్నాం ఏటి, అనుకున్నాను. ఆమె ఏటనుకుందో నేను అడగలేదు. అడిగినా ఆమెకి వినబడదు కదా.

ఒకటి చెబుతాను, నవ్వకు. చెవిటి పెళ్లాం ఉన్న మగాడికి ఒక అలవాటు పడిపోద్ది. ఇంట్లో నోరు అదుపులో ఉండదు. కంట్రోలరుని తిట్టేవాణ్ణి, కూర బాగా లేకపోతే పైకే తిట్టేవాణ్ణి, ఆమె మొహంలోకి చూస్తూ నవ్వుతూ తిట్టేవాణ్ణి. ఆమె కూడా నవ్వేది, ఏదో మంచి మాట అంటున్నాననుకుని.

మరి మొన్న చలికాలంలో మా జ్యోతిర్మయి బిల్హాలో అత్తారింటి నుంచి లోకల్ రైల్లో వచ్చింది. కూతురంటే కూతురే. అమ్మను తీసుకెళ్లి చెవి డాక్టరుకి చూపించి ఈ మిషను కొనిపెట్టింది. సిగరెట్టు పెట్టె అంత డబ్బీ, దాన్నుంచి ఒక వైరు చెవిలోకి. లోపల ఒక పెన్సిలు సెల్లు.

ఆ రోజు నువ్వు చూడాలి సూర్యం. పోపులో ఆవాలు వేసింది. చిటపటమన్నాయి. గరిటె వదిలేసి నావైపు తిరిగి, "ఏటండీ, ఇవి ఇంత గోల చేస్తాయా?" అని నవ్వింది. మళ్లీ కాసిని వేసింది. పోపు మాడిపోయింది, ఆమె వేస్తూనే ఉంది.

నాకు ముచ్చటేసింది. అబద్ధం ఎందుకు, ముచ్చటే వేసింది. మర్నాడు కూరలో ఉప్పెక్కువైతే అలవాటు కొద్దీ ఒక మాట అన్నాను. కనకం కంచం దగ్గరే ఆగిపోయింది. "ఏటన్నారు? రోజూ ఇదేనా మీరనేది?" అంది.

నేను కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాను.

అక్కణ్ణుంచి మొదలైంది. ఆ ఏళ్లన్నిటి మాటా ఒకేసారి అడగాలని కూచుంది. "మా అమ్మ పోయేటప్పుడు నా గురించి ఏటంది? జ్యోతి పెళ్లిలో మీరు ఎవరితో గొడవపడ్డారు? అప్పుడు బంగార్రాజు గారు ఏటన్నారని అంత నవ్వారు?" నేను డ్యూటీ చేసొచ్చినవాణ్ణి, రిటైరయి కాస్త కూచుందామనుకున్నవాణ్ణి. పొద్దున్న లేస్తే విచారణ.

ఆ సెల్లు అయిపోతే ఆమె ఇక్కడికే వచ్చేది కదా, నీ గేటు పక్క కొట్టుకి. వాడాక పారేసే సెల్లు. కొట్టువాడితో హిందీలో బేరమాడి, అక్కడే నిలబడి వేయించుకుని, వాడితో రెండు మాటలు మాట్లాడి, అవి వినబడ్డాక వచ్చేది. తన సెల్లు తనే కొనుక్కునేది, తనే వేసుకునేది.

అదిగో, మోగుతోంది. వెళ్లు. నేనెక్కడికీ పోను.

... పోయిందా? ఖాళీ కోల్ వ్యాగన్లు, కోర్బా వైపు. చూశావా నా అలవాటు? చివరి బ్రేకు వ్యాను దాటుతుంటే ఆ గార్డు చెయ్యెత్తాడు, నా చెయ్యి దానంతటదే లేచింది. వాడెవడో నాకు తెలీదు. నేనెవరో వాడికి తెలీదు. అంతా సరిగ్గా ఉంది అని ఇద్దరం ఒకరికొకరు చెప్పుకున్నాం. ఏటి సరిగ్గా ఉందిట?

ఫాటక్ పడినా ఆ ఆడకూతురు పక్క సందులోంచి ఎలా దూరిందో చూశావా, నెత్తిన కూరల తట్టతో? అందరూ అంతే. కనకమూ అంతే. చెవులున్నవాళ్లకి చెల్లుతుంది.

ఎక్కడున్నాను? సెల్లులు.

గోల్ బజార్లో కరెంటు సామాన్ల కొట్టువాడు ఒకసారి చూపించాడు. ఛార్జి సెల్లులు. ప్లగ్గుకి తగిలిస్తే మళ్లీ మళ్లీ పనికొస్తాయి, పారేయక్కర్లేదు. కొన్నాను. ఇంటికొచ్చి గొప్పగా చెప్పాను. నేను పట్టాల గ్యాంగులో పార పట్టుకుని మొదలైనవాణ్ణి. టార్చి సెల్లు నీరసిస్తే ఎండలో పెట్టి, పంటితో నొక్కి, ఇంకో నాలుగు రోజులు నడిపిన రోజులు నావి. పారేయడమంటే నాకు ఒళ్లు మంట. ఇలాగే చెప్పాను ఆమెకి. ఊరందరికీ ఇలాగే చెప్పాను.

కనకం రెండు రోజులు పెట్టుకుని చూసి వద్దంది. ఎందుకు వద్దందో విను. "పారేసే సెల్లు ముందుగా చెబుతుందండీ. అయిపోయేముందు మీ గొంతు దూరం జరిగినట్టు సన్నబడుతుంది. అప్పుడు నాకు తెలుస్తుంది. ఇది అలా కాదు, మాట మధ్యలో తలుపేసినట్టు మూసుకుపోద్ది. వీధిలో ఉండగా మూసుకుపోతే నాకేటి తెలుస్తుంది?" అంది.

ఇంతే స్పష్టంగా అంది. నేనేటన్నానో తెలుసా? "వీధిలో నీకేటి పని?" అన్నాను.

అసలు సంగతి పొదుపు కాదు సూర్యం. ఛార్జరు నా అలమరా మీద పెట్టాను. ప్లగ్గు నా మంచం పక్కన. ఏ సెల్లు నిండిందో, ఏది నిండలేదో చెప్పేది నేను. పారేసే సెల్లు కొట్లో ఉంటుంది, ఎవరైనా కొనుక్కోవచ్చు. ఈ సెల్లు నా చేతిలో ఉంటుంది.

ముందు నాకూ తోచలేదు, ఒట్టు. ఒకరోజు విచారణ మొదలెట్టింది. నేను ఊరికే, "సెల్లు డౌనయినట్టుంది, ఇలా ఇయ్యి, ఛార్జి పెడతాను" అన్నాను. ఇచ్చేసింది. ఇల్లు నిశ్శబ్దం. పేపరు చదువుకున్నాను. ఎంత హాయిగా ఉందో. తర్వాత రోజూ అదే. ఆమె గొంతు కాస్త లేస్తే నా చెయ్యి చాపేవాణ్ణి. తను డబ్బీ తెరిచి సెల్లు తీసి ఇచ్చేది. పిల్లల దగ్గర బొమ్మ లాక్కున్నట్టు.

అలా చూడకు. ఇంకా ఉంది.

మొన్న సాయంకాలం బంగార్రాజు వచ్చాడు. రిటైర్డు డ్రైవరు బంగార్రాజే, పక్క వీధి. వాడొచ్చేసరికి కనకం నన్ను ఏదో అడుగుతోంది. నేను చెయ్యి చాపాను. సెల్లు ఇచ్చింది. ఛార్జరులో పెట్టాను. ఆమె లోపలికి వెళ్లింది.

స్విచ్చి వెయ్యలేదు. ప్లగ్గు ఉంది, గోడ మీద స్విచ్చి వెయ్యలేదు. మరిచిపోయానా అంటే మరవలేదు. వెయ్యాలనే ధ్యాసే లేదు. సెల్లు ఆమె దగ్గర లేకపోతే చాలు, అదే నా పని. అది నిండితే ఏటి, నిండకపోతే ఏటి?

బంగార్రాజు కూచుని, "వదినకి ఇప్పుడు బాగా వినిపిస్తోందటరా?" అన్నాడు. నేను, "వినిపించడమే నా కర్మ. ఆ చెవుడు ఉన్నన్నాళ్లూ ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నట్టు హాయిగా ఉండేది. మళ్లీ వస్తే బాగుణ్ణు" అన్నాను. నవ్వుతూనే అన్నాను. వాడు నవ్వాడు. వాడు నవ్వాడని నేను ఇంకో రెండు మాటలు అన్నాను. అవి నీకు చెప్పను.

మధ్యలో వాడు, "టీలో పంచదార వద్దనరా, కొత్తగా షుగరని చెప్పాడు డాక్టరు, మొన్ననే" అన్నాడు. లేచి కనకానికి సైగ చెయ్యాలి అనుకున్నాను. మాటల్లో పడి లేవలేదు. ఆమె టీ తెచ్చింది, చెరో కప్పు పెట్టింది, వెళ్లిపోయింది. వాడు తాగి, పంచదార లేకపోయినా బాగుందన్నాడు. నేనూ తాగాను.

అర్థమైందా? నాకు అప్పుడు కాలేదు.

పొద్దున్నకి రా. నిన్న పొద్దున్న. కనకం బజారు సంచీ పట్టుకుని నా ముందు నిలబడింది. ఏటీ అడగలేదు. డబ్బీ తెరిచి చాపింది. నేను ఛార్జరులోంచి సెల్లు తీశాను. అప్పుడు చూశాను స్విచ్చి వెయ్యలేదని. ఇక్కడే సూర్యం, ఇక్కడే నా బుద్ధి చూడు. నా దగ్గర ఒక చిన్న బల్బు ఉంది, తీగ చుట్టినది. సర్వీసంతా నా డ్యూటీ పెట్టెలో, లైను బాక్సులో ఉండేది. డ్యూటీకి దిగేముందు టార్చి సెల్లు ఒక్కోటీ ఆ బల్బుకి ఆనించి చూసేవాణ్ణి. ఎర్రగా మినుకుమంటే పక్కన పెట్టడం, తెల్లగా వెలిగితే వేసుకోవడం. ఆ లెక్క ఒక్కరోజు తప్పలేదు. దారిలో నా లాంతరు ఆరిపోయిందని ఎవడూ అనలేదు.

ఆనించాను. తెల్లగా వెలిగింది. చాలనుకున్నాను.

ఇవాళ ఆస్పత్రి నుంచి వస్తూ గోల్ బజార్ కొట్టువాడి దగ్గర ఆగాను. వాడు నవ్వాడు. "గార్డ్ సాబ్, ఈ సెల్లు ఆఖరి దాకా అలాగే తెల్లగా వెలుగుతుంది. మినుకుమనదు. ఉన్నంతసేపూ ఉంటుంది, పోతే పోతుంది. బల్బు పెట్టి ఏం చూస్తారు?" అన్నాడు. కనకం చెప్పిందీ అదే కదా. చెవితో విని చెప్పింది. నేను బల్బుని నమ్మాను.

డబ్బీ మూసి ఇచ్చి, వెళ్లమని చెయ్యి ఊపాను. నేను జెండా ఊపితే గానీ బండి కదిలేది కాదు ఒకప్పుడు. నిన్న కూడా నేనే ఊపాను.

ఆస్పత్రిలో నర్సు చీర మార్పిస్తూ కొంగు ముడి విప్పి నా చేతిలో ఒకటి పెట్టింది. ఇదిగో. చూడు. పెన్సిలు సెల్లు. పారేసే సెల్లు. నీ పక్క కొట్లోదే. దీని మీది కాగితం ఎలా అరిగిపోయిందో చూడు, ఎన్నిసార్లు తీసి పెట్టిందో. నేను నా సెల్లు లాక్కుంటే లోపలికెళ్లి ఇది వేసుకునేదన్నమాట. నేను ఇచ్చేముందు ఇది తీసి కొంగున కట్టుకునేది. ఇన్నాళ్లూ.

అప్పుడు నాకు ఆ టీ గుర్తొచ్చింది. పంచదార లేని టీ. నేను సైగ చెయ్యలేదు. ఎవరూ చెప్పలేదు. వాడు నాతో అన్న మాట వంటింట్లోకి వినబడింది. అదొక్కటి వినబడితే తక్కినవన్నీ వినబడ్డట్టే కదా. నేనొక్కణ్ణే ఉన్నట్టు హాయిగా ఉండేదన్నానే, అది కూడా.

విని, పంచదార వెయ్యకుండా టీ తెచ్చి ఇచ్చింది. పొద్దున్నే వచ్చి డబ్బీ తెరిచి చాపింది. కొంగున తన సెల్లు ఉండగా నా సెల్లే వేయించుకుంది. ఎందుకు?

నువ్వు చెప్పలేవు. నువ్వు చిన్నవాడివి, నీ పెళ్లాం నిన్ను ఎదురుగానే తిడుతుంది, అదృష్టవంతుడివి.

ఇదిగో, మిషను. నిన్నటి నుంచి జేబులోనే ఉంది. తెరవలేదు. సెల్లు లోపలే ఉంది. ఇది బల్బు. నువ్వు స్విచ్చి చూడకపోయినా ఇది చెబుతుంది. ఈ సెల్లుకి మధ్యస్థం లేదు కదా, వెలుగుతుంది, లేకపోతే లేదు.

వెలగకపోతే పట్టాల మధ్యలో ఆమె చెవి మూసుకుపోయింది. హారను వినబడలేదు. చెయ్యి మిషను మీదికి వెళ్లింది, ఏటయిందో చూసుకోవడానికి. అంటే నేను ఛార్జి పెట్టని సెల్లు పెట్టి, మంచిదని పంపించాను. ఇంజనుకీ నాకూ తేడా లేదు.

వెలిగితే ఆమె చెవులు పనిచేస్తున్నాయి. అయితే ఆ చెయ్యి స్విచ్చి కట్టెయ్యడానికి వెళ్లింది. ఇంక ఎవరి మాటా వినక్కర్లేదని. లేదా కట్టెయ్యనే లేదు, హారను వింటూనే నిలబడింది.

ఈ బల్బు సెల్లుకి ఆనించాలి.  నువ్వు పట్టుకో. వద్దా?

పోనీ ఆనించేది నేనే. కానీ ముందు ఒకటి చెప్పు సూర్యం. ఇది వెలగాలని దండం పెట్టుకోమంటావా, వెలగకూడదని పెట్టుకోమంటావా?